సోఫానోర్ కొలివోరో అడగని ప్రశ్న

కిల్కావ్ దీవిలో సోఫానోర్ కొలివోరో వస్తున్నాడన్న సంగతి అతనికంటే ముందు అతని దగ్గు చెప్పేది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు అతను ఫెర్రీ రేవులో తాడు పట్టాడు. ఓడ ర్యాంప్‌కు ఆనగానే పైనుంచి విసిరిన తాడును అందుకుని ఇనుప గుంజకు రెండు చుట్లు బిగించడం, లారీలూ మనుషులూ దిగి ఎక్కేదాకా ఓడ పక్కకు జరగకుండా చూడడం, తాడు విప్పి తిరిగి విసరడం అతని పని. రోజుకు పద్నాలుగు సార్లు. ఆ పద్నాలుగు సార్లూ ఓడ ఇంజన్ ఆగదు. అలల తాకిడికి నిలవాలి కనుక డీజిల్ తాగుతూ, ర్యాంప్‌ను నెట్టుకుంటూ, గుర్రుమంటూ నిలబడుతుంది. దాని పొగగొట్టం సరిగ్గా తాడు పట్టే మనిషి ముఖం ఎత్తున ఉంటుంది. ఆ ఓడ నమూనా గీసినవారు కొలతలన్నీ చూసుకున్నారు, ఒడ్డున నిలబడేవాడికి ముక్కు ఉంటుందన్న ఒక్క సంగతి తప్ప.

సాయంత్రం ఇంటికి వెళ్ళి చేతిరుమాలులో చీదితే నల్లగా వచ్చేది. భార్య బతికి ఉన్నన్నాళ్ళూ ఆ రుమాళ్ళను మిగతా బట్టలతో కలపకుండా ఒక పాత గిన్నెలో ఉడకబెట్టేది. ఆమె పోయాక ఆ పని అతనే చేసుకునేవాడు. ఆ గిన్నె అడుగున పట్టిన జిడ్డు మసిని నేను వేలితో గీకి చూశాను. ఆ కంపు సబ్బుతో పోవడానికి రెండు రోజులు పట్టింది. అతని ఊపిరితిత్తులకు సబ్బు లేదు.

కాబట్టి ఈ కథ చదివేవారు ఒక విషయం మొదటే గ్రహించాలి. కరెంటుతో నడిచే ఓడ రావాలని మా దీవిలో అందరికంటే ఎక్కువ కోరుకున్నవాడు సోఫానోర్. అతనికి జరిగినదాన్ని చూపించి ‘ఈ దీవులవాళ్ళకు మంచి చేయబోయినా ఒప్పుకోరు’ అని రాజధానిలో కొందరు చెప్పుకుంటున్నారు. ఆ అబద్ధాన్ని తుడవడానికే ఇది రాస్తున్నాను.

దగ్గు తరువాత అతన్ని గురించి చెప్పుకోవలసింది అతని మాట. మా దీవుల్లో చెక్క ఇంటిని ఎడ్లతో లాగి మరో చోటికి జరపాలన్నా, దుంపలు తవ్వాలన్నా, పడవను ఒడ్డుకు ఈడ్వాలన్నా కూలికి పిలవరు. బదులుపనికి పిలుస్తారు. పిలిచిన ఇల్లు పొయ్యి వెలిగించి వండిపెడుతుంది, వచ్చినవారికి మరొకనాడు అదే విధంగా వెళ్ళి ఒక రోజు పని చేస్తుంది. ఎవరూ రాసుకోరు, ఎవరూ మరచిపోరు. అయితే పని ఉన్నవాడు తానే వెళ్ళి అడగకూడదు. అతని తరఫున మరొకరు ఇల్లిల్లూ తిరిగి వేడుకోలు చెప్పాలి. పొయ్యి పక్క బల్లమీద కూర్చోవాలి. వానగురించీ చేపలగురించీ మాట్లాడుతూ మా ఆకుల తేనీరు, మాతే, రెండుసార్లు తాగాలి. మూడోది చేతిలోకి వచ్చాక ‘ఒక వేడుకోలు తెచ్చాను’ అనాలి. ఆ మాట అన్న తరువాత ఆ ఇంటివాళ్ళు కాదనరు. కాదన్న ఇల్లు నా ఎరుకలో లేదు. దానికి ప్రతిగా అడిగినవాడు పూచీ పడతాడు: పిలిచినవాడు అన్నం పెట్టకపోయినా, రోజు తిరిగి ఇవ్వకపోయినా ఆ సిగ్గు అడిగినవాడిది.

ఇరవై ఏళ్ళుగా కిల్కావ్‌లో ఎవరికి బదులుపని కావలసినా సోఫానోర్‌నే పంపేవారు. అతను పూచీ పడిన ఏ రోజూ తిరిగి రాకుండా పోలేదు.

ఆ సంగతి ఫెర్రీకి కరెంటు ఓడ తేబోతున్న కనాల్ లింపియో కంపెనీకి తెలిసింది.

కంపెనీ తరఫున వచ్చినవాడు గాస్పర్ ఒవాయె. ముప్ఫై దాటని వయసు, వానలో తడవని బూట్లు, మనుషులతో సంబంధాలు చూసుకోవడం ఉద్యోగం. ఆరు నెలల్లో దీవిలో ఎవరి పేరేమిటి, ఎవరి కూతురు ఎక్కడ చదువుతోంది, ఎవరికి ఏ నొప్పి ఉంది అన్నీ నేర్చుకున్నాడు. నేర్చుకోవడాన్ని నేను తప్పుపట్టను. నేర్చుకున్నది ఎందుకు వాడాడన్నదే నేరం. ఒక మార్చి ఉదయం అతను ర్యాంప్ పక్క గదిలోకి వచ్చి సోఫానోర్ ఎదుట పెట్టెమీద కూర్చున్నాడు.

“దోన్ సోఫానోర్, మీకో మంచి కబురు. కొండమీద మూడు గాలిమరలు పెడుతున్నాం. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా తీగ. ఇదిగో, మీరు నిలబడేచోట ఛార్జింగ్ స్తంభం. ఓడ వచ్చి తగులుకుంటుంది, పన్నెండు నిమిషాలు కరెంటు ఎక్కించుకుంటుంది, చప్పుడు లేకుండా పోతుంది.”

“పొగో?”

“ఉండదు.”

“కొంచెం కూడానా?”

“మీ రుమాలు తెల్లగా ఉంటుంది.”

రుమాలు సంగతి ఇతనికెవరు చెప్పారా అని సోఫానోర్ ఆలోచించలేదు. ఆ తెల్లటి రుమాలు తప్ప అతనికి ఆ క్షణాన మరేమీ కనిపించలేదు.

“ఒక్కటే చిక్కు,” అన్నాడు గాస్పర్. “కందకం తవ్వే యంత్రం రావాలంటే బార్జీ, సరుకు పడవ, కావాలి, దానికి రెండు నెలలు. ఈలోపు వానలు పట్టుకుంటాయి. మీలో ఏదో ఆచారం ఉందంటగా, అందరూ కలిసి...”

“ఉంది. కానీ అది ఇళ్ళకి, బాబూ.”

“రేవు అందరిల్లు కాదా ఏంటి?”

రెండు నెలల యంత్రపు అద్దె తప్పించుకోవడానికి ఒక కంపెనీ మా తాతల ఆచారం గడప తొక్కింది. తొక్కేముందు బూట్లు కూడా తుడుచుకోలేదు.

సోఫానోర్ మొదట వెళ్ళింది ఉబెర్లిండా వెంచూర్ ఇంటికి. ర్యాంప్‌కు ఆనుకుని చదునుగా ఉన్న ఎర్రనాచు ఒడ్డున సముద్రపు నాచు ఆరబెట్టే ఇరవై రెండు ఇళ్ళ ఆడవాళ్ళకు ఆమె మాటే మాట. ఆమె పెద్దకొడుకును జ్ఞానస్నానంనాడు ఎత్తుకున్నది సోఫానోర్ కనుక వాళ్ళు ఒకరికొకరు కొంపాద్రె, కొమాద్రె. సొంత అన్నాచెల్లెళ్ళకంటే మర్యాదగల చుట్టరికం అది.

“ఇంత వానలో వచ్చారంటే ఎవరిల్లో కదలాలి,” అంది ఆమె మూడో మాతే అందిస్తూ. “చెప్పండి కొంపాద్రె, ఎవరిది?”

“ఒక వేడుకోలు తెచ్చాను కొమాద్రె. ఇల్లు కాదు. తీగ.”

“తీగకి అమ్మా నాన్నా ఎవరంట?”

“కంపెనీ.”

ఉబెర్లిండా కెటిల్ పొయ్యిమీద పెట్టేసింది. “కంపెనీకి పొయ్యుందా? దుంపలు తురమడానికి చేతులున్నాయా? రేపు నా పాక కూలితే ఏ కంపెనీ వచ్చి దూలం పట్టుకుంటుంది?”

“వాళ్ళు పట్టుకోకపోతే నేను పట్టుకుంటా.”

“మీరా! నాలుగడుగులేస్తే దగ్గుతో వంగిపోతారు. దూలమే మిమ్మల్ని పట్టుకోవాలి.”

సోఫానోర్ నవ్వబోయి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. ఆమె నీళ్ళగ్లాసు అందించింది.

“అందుకేగా అడుగుతున్నా,” అన్నాడు చివరికి కళ్ళు తుడుచుకుని.

“సరే. మీ మొహం చూసి వస్తున్నా. కంపెనీ మొహం చూసి కాదు. అది గుర్తుపెట్టుకోండి.”

ముప్ఫై ఒక్క ఇళ్ళలో అతను అదే విధంగా అడిగాడు. నలభై ముగ్గురు వచ్చారు. రెండు జతల ఎడ్లు వచ్చాయి. వాన మొదలైంది, ఎవరూ ఆగలేదు. కొండమీది నుంచి రేవుదాకా కంపెనీవాళ్ళు పాతిన పసుపుపచ్చ జెండాల వెంబడే మధ్యాహ్నానికి మోకాళ్ళ లోతు కందకం పడింది. చివరి కొన్ని గజాల్లో జెండాలు ర్యాంప్ వైపు కాకుండా ఎర్రనాచు ఒడ్డు వైపు తిరిగి ఉన్నాయి. ఎందుకని ఉబెర్లిండా అడిగితే, “కింద బండ ఉంది సెన్యోరా, చుట్టు తిరగాలి,” అన్నాడు గాస్పర్. ఆ నేలలో గుండ్రాయి కూడా లేదు. నాచు ఆరబెట్టే గుంజలు పాతినప్పుడు ఆ సంగతి ఆమెకు బాగానే తెలుసు. అయినా పిలిచినవాడి నేలమీద వాదన పెట్టుకోకూడదని ఊరుకుంది.

భోజనాల వేళకు కంపెనీ పడవలో అట్టపెట్టెలు వచ్చాయి. ఒక్కో పెట్టెలో ప్లాస్టిక్ చుట్టిన చల్లటి రొట్టె, లోపల పంది మాంసపు పొర, అంచులనుంచి కారుతున్న మయోనైజ్. బదులుపనికి వచ్చినవాడికి చల్లటి తిండి పెట్టడం మా దీవుల్లో ఎంత అవమానమో మాటల్లో చెప్పలేను. సోఫానోర్ ముఖం ఎత్తలేక పక్కింటి ఆడవాళ్ళ దగ్గరకు పరుగెత్తాడు. వాళ్ళు తమ ఇళ్ళలో ఉన్న దుంపల మిల్కావ్ రొట్టెలూ ఒక పీపా ఆపిల్ కల్లూ తెచ్చి అతని పరువు కాపాడారు. పని కంపెనీది, తిండి పక్కింటివాళ్ళది, సిగ్గు సోఫానోర్‌ది.

అప్పుడు గాస్పర్ ఒక అట్ట పట్టుకుని వరసగా తిరిగాడు. అట్టమీద కాగితం, కాగితం పైభాగాన్ని పూర్తిగా కప్పేస్తూ కంపెనీ గుర్తున్న ప్లాస్టిక్ రేకు, దానిమీద క్లిప్పు.

“ఇదేంటి నాయనా?” అన్నాడు దోన్ అర్సేనియో. ఎడ్ల జతల్లో ఒకటి అతనిది, వయసు డెబ్భై తొమ్మిది.

“భోజనాల లెక్క, పెద్దాయనా. ఎవరికైనా దెబ్బతగిలితే బీమాకి కూడా.”

“బదులుపనిలో సంతకమా? ఎవరొచ్చారో మాకు తెలీదా? ఈ రొట్టె తిన్నందుకు నేను సంతకం పెట్టడం కాదు, నువ్వే నాకు క్షమాపణ రాసివ్వాలి.”

అందరూ నవ్వారు. గాస్పర్ కూడా నవ్వాడు, అట్ట మాత్రం వెనక్కి తీసుకోలేదు. నవ్వులు ఆగాయి. ఎవరూ కలం అందుకోలేదు. అప్పుడు సోఫానోర్ ముందుకొచ్చాడు.

“పిలిచినవాడు అడిగాడు. పెట్టేద్దాం,” అని మొదటి సంతకం తానే చేశాడు.

పిలిచినవాడి ఎదుట, అతని పనిలో, అతను అడిగినదాన్ని కాదనడం మాకు చేతకాదు. బయటివాళ్ళు దీన్ని అమాయకత్వం అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. అది మర్యాద. మర్యాదను తాళంచెవిగా వాడి ఇల్లు దోచుకుంటే తప్పు తాళానిది కాదు. నలభై ముగ్గురూ సంతకాలు చేశారు. దోన్ అర్సేనియో వేలికి మయోనైజ్ అంటుకుని ఉంది. అది కాగితంమీద ఒక మరక వేసింది.

ఎనిమిది నెలల తరువాత తెల్లటి కొత్త ఓడ వచ్చింది. రాజధాని నుంచి పెద్దమనుషులు వచ్చారు, రిబ్బను తెగింది. స్తంభం నుంచి ఒక ఇనుప చేయి కిందికి దిగి ఓడకు తగులుకుంది, అందరూ చప్పట్లు కొట్టారు. ఓడ నిజంగానే చప్పుడు చేయలేదు. చప్పుడు వెనకనుంచి వచ్చింది. ర్యాంప్ వెనక కంచెలోపల ఒక పెద్ద ఇనుప పెట్టె ఉంది, దానికి ఆకుపచ్చ రంగు వేసి పైన ఫెర్న్ ఆకులు గీశారు. ఆ ఆకుల వెనక డీజిల్ జనరేటర్ ఉంది. కొండమీద గాలిమరలు రెక్కలు కట్టేసుకుని నిలబడ్డాయి. కందకంలో తీగ పడలేదు, వాననీళ్ళు నిండాయి, కప్పలు చేరాయి. పొగ ఓడ దిగి ఒడ్డున కాపురం పెట్టింది.

సోఫానోర్‌కు ఆకుపచ్చ చొక్కా ఇచ్చారు. దాని వీపుమీద ‘శుభ్రశక్తి సహాయకుడు’ అని రాసి ఉంది. ఆ చొక్కా తొడుక్కుని ప్రతి ఉదయం జనరేటర్ తొట్టిలో డీజిల్ పోయడం అతని కొత్త పని. ఇంతకుముందు పొగ పద్నాలుగుసార్లు వచ్చి పోయేది. ఇప్పుడు పోవడం మానేసింది. గాలి దక్షిణం నుంచి వీచినప్పుడు అది తిన్నగా ఎర్రనాచు ఒడ్డుమీద పరుచుకునేది. ఆ నెల నాచు కొనే వ్యాపారి ఉబెర్లిండా బస్తా విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్కమాట కూడా అనకుండా తిరిగి కట్టేశాడు.

“ఎన్నాళ్ళు బాబూ ఇది?” అని సోఫానోర్ గాస్పర్‌ను అడిగాడు.

“తాత్కాలికం, దోన్ సోఫానోర్. గాలిమరల కరెంటు నిలవ చేసుకోవడానికి బ్యాటరీల గది కావాలి. గది రాగానే తీగ వేస్తాం, ఈ దయ్యం పోతుంది. అనుమతి దస్త్రం దాదాపు అయిపోయింది.”

“గది ఎక్కడ?”

గాస్పర్ చేయి ఎర్రనాచు ఒడ్డు వైపు ఊగింది. “అక్కడే ఎక్కడో.”

కాస్త్రో పట్టణంలోని న్యాయసహాయ కేంద్రంలో నేను చేస్తున్న పని ఇలాంటి దస్త్రాలు చదవడమే. నాలుగు వందల పన్నెండు పుటలు చదివాను. మొదటి పుటనుంచి చివరిదాకా గాలి, నీరు, పక్షులు, భవిష్యత్తు తరాలు. ఏడో అనుబంధం దగ్గర ఆగాను. ‘బ్యాటరీ కేంద్రానికి తీరప్రాంత స్థలాన్ని ఎంపిక చేయడంపై వివరణ పొందిన పిదప, నలభై ముగ్గురు స్థానికులు స్వచ్ఛందంగా తమ ఆమోదాన్ని సంతకాల ద్వారా తెలిపారు.’ దాని కింద సంతకాలు. మొదటిది సోఫానోర్ కొలివోరో. పద్దెనిమిదో సంతకం పక్కన గుండ్రటి జిడ్డు మరక, నకలులో కూడా స్పష్టంగా ఉంది. తిండి బల్ల దగ్గర సంతకాలు తీసి స్థలవివరణ సభ అని పేరు పెట్టిన దుర్మార్గులకు సాక్ష్యాన్ని తుడిచే ఓపిక కూడా లేకపోయింది.

శనివారం ఆ పుటలు తీసుకుని కిల్కావ్ వెళ్ళాను. సోఫానోర్ వంటగదిలో వాటిని బల్లమీద పరిచి, ఒక్కొక్క అక్షరం వేలుపెట్టి చదివాడు. చదవడం పూర్తయ్యాక వేలు మొదటి సంతకం దగ్గరకు తిరిగి తెచ్చాడు.

“ఇది నా సంతకమే,” అన్నాడు. “దీని పైనున్నది నాది కాదు.”

గురువారంనాడు దస్త్రాన్ని పరిశీలించే అధికారి పాఠశాల హాలుకు వస్తున్నారనీ, స్థలంగురించి ప్రజలను నిజంగా అడిగారా లేదా అని ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకుంటారనీ చెప్పాను. మొదటి సంతకం అతనిది కనుక మొదట అడిగేది అతన్నే.

“నేను కాదంటే గది ఆగుతుందా?”

“ఆ ఒడ్డుమీద ఆగుతుంది. మూతపడ్డ రంపపుమిల్లు ఆవరణ ఖాళీగా ఉంది. అక్కడ కట్టమని అడగవచ్చు. సమయం పడుతుంది.”

“అందాకా జనరేటర్?”

“నడుస్తుంది.”

అతను తల ఊపాడు. అతని ఊపిరి గురకను నేను వింటూ కూర్చున్నాను. ఏమి చేయమని చెప్పడానికి నాకు హక్కు లేదు, చెప్పలేదు.

బుధవారం గాస్పర్ వచ్చాడు. రేవు గదిలో జరిగిన ఆ సంభాషణను సోఫానోర్ మరునాడు నాకు పొల్లుపోకుండా చెప్పాడు. నేను అప్పుడే రాసుకుని అతనికి చదివి వినిపించాను.

“అది ఫార్మాట్, దోన్ సోఫానోర్. అందరూ అలాగే చేస్తారు. రేపు మీరు ఒక్కమాట చెబితే చాలు, ‘వివరించారు’ అని.”

“వివరించలేదుగా.”

“ఇప్పుడు వివరిస్తున్నాగా! గది అక్కడొస్తుంది. నాచు ఆరబెట్టడానికి ఇంకో చోటు చూపిస్తాం.”

“రంపపుమిల్లు దగ్గర కట్టరాదా?”

“ఇంకో మూడొందల మీటర్ల తీగ కావాలి.”

“కందకం నేను తవ్విస్తా. అందరూ వస్తారు.”

గాస్పర్ నవ్వాడట. తరువాత కుర్చీ దగ్గరకు లాక్కుని గొంతు తగ్గించాడట. “చూడండి. రేపు మీరు అవునంటే ఏడాదిలో పొగ పోతుంది, మీకు పర్మనెంటు ఉద్యోగం. కాదంటే ఇంకో మూడేళ్ళు ఇదే. మీ ఊపిరితిత్తులకి మూడేళ్ళున్నాయా?”

ఒక మనిషి ఛాతీని తానే పాడుచేసి, ఆ ఛాతీనే తాకట్టు అడిగే భాషకు ‘హరిత పరివర్తన’ అని పేరు పెట్టారు. ఆ మాట ఇప్పుడు ఏ దస్త్రంలో కనిపించినా దాని కింద ఎర్రగీత గీస్తాను.

గురువారం పాఠశాల హాలు నిండింది. అధికారి నడివయసు స్త్రీ, నింపాదిగా మాట్లాడేది. బల్లమీద ఏడో అనుబంధం ఉంది. సోఫానోర్ ఆకుపచ్చ చొక్కా వేసుకోలేదు, ఇంటి స్వెట్టరుతో వచ్చాడు.

“ఈ సంతకం మీదేనా?”

“నాదే అమ్మా.”

“సంతకం చేసేముందు బ్యాటరీల గది ఎక్కడ కడతారో మీకు చెప్పారా?”

“లేదమ్మా. కానీ ముందు ఇంకోమాట చెప్పాలి. ఈ నలభై ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళింది కంపెనీ కాదు. నేను. కందకం తవ్వడానికి రమ్మని అడిగాను. ఒడ్డు ఇస్తారా అని అడగలేదు. అడగనిదానికి వాళ్ళు అవునని ఎట్టా అంటారు? ఈ కాగితంలో రాసిందే నేను అడిగుంటే, ఆ పొయ్యి దగ్గరే నన్ను బయటికి గెంటేవాళ్ళు.”

“మరి సంతకం ఎందుకు చేశారు?”

“రొట్టె పెట్టారు. పెట్టినవాళ్ళు అడిగారు. నేను ముందు పెట్టాను కాబట్టి వీళ్ళంతా పెట్టారు. వీళ్ళ తప్పేమీ లేదు. అబద్ధానికి దారి చూపించింది నేనే అని రాసుకోండి.”

కంపెనీ న్యాయవాది లేచి, సంతకాల సమయంలో వివరణ జరగలేదని చెప్పడానికి ఆధారమేమిటని అడిగాడు. దోన్ అర్సేనియో కూర్చున్నచోటునుంచే, “ఆ మరక నాది, వాసన చూసుకో!” అని అరిచాడు. హాలు నవ్వింది. ఉబెర్లిండా నవ్వలేదు. కుళ్ళిన చేపను అంటగట్టినవాడిని చూసినట్టు ఆమె సోఫానోర్‌నే చూస్తూ ఉంది.

ఏడో అనుబంధం కొట్టివేయబడింది. ప్రజలను మొదటినుంచి సక్రమంగా అడిగి రావాలని దస్త్రం వెనక్కి వెళ్ళింది. మూడు వారాల తరువాత సోఫానోర్‌కు తొలగింపు కాగితం వచ్చింది. కారణం: ‘శ్వాసకోశ స్థితి దృష్ట్యా, పొగకు నిరంతరం గురయ్యే విధులకు అనర్హుడు.’ కంపెనీ సమర్పించిన దస్త్రంలో ఆ రేవులో పొగ లేదు. సోఫానోర్ తొలగింపు కాగితంలో ఉంది. రెండింటి కింద ఉన్నదీ కంపెనీలోని ఒకే అధికారి సంతకం. రెండింటినీ పక్కపక్కన కుట్టి నేను ఫిర్యాదు దాఖలు చేశాను. అది నడుస్తోంది, జనరేటర్ కూడా నడుస్తోంది.

అతనికి మాత్రం ఉద్యోగంకంటే పెద్ద విషయం మిగిలి ఉంది. నలభై మూడు రోజులకు అతను పూచీ. మరుసటి సోమవారం పొద్దున్నే గంపా కొక్కెపుకర్రా తీసుకుని ఎర్రనాచు ఒడ్డుకు వెళ్ళి, ఉబెర్లిండా పక్కన నిలబడి తడినాచు లాగడం మొదలుపెట్టాడు. ఆమె తన గంప కింద పెట్టింది.

“ఏం చేస్తున్నావ్?”

‘మీరు’ అనని ఆ పిలుపు అతనికి తగిలింది. అయినా కర్ర దించలేదు. “మీ రోజు తిరిగిస్తున్నా కొమాద్రె. మీదయ్యాక మిగతావాళ్ళవి.”

“వద్దు.”

“నేను మాటిచ్చాను. వాళ్ళు ఇవ్వకపోతే నేనిస్తానన్నాను.”

“అన్నావ్. నాకు కోపం తగ్గలేదు, తగ్గినప్పుడు చెబుతాను. కానీ నువ్వు ఇది చెయ్యకూడదు.” ఆమె అతని చేతిలోంచి కర్ర లాక్కుంది. “నువ్వు దగ్గుకుంటూ నలభై మూడు రోజులూ చేసేశావనుకో, అప్పుడేమవుతుంది? అంతా సరిపోయిందంటారు. ఆ కుర్రాడు మాకేమీ ఇవ్వక్కర్లేనివాడు అయిపోతాడు. మా చెమట వాడు తినడమూ, దాన్ని నీ ఊపిరితో కడగడమూనా? వెళ్ళు. తిన్నవాణ్ణే అడుగు.”

ఐదేళ్ళు న్యాయశాస్త్రం చదివిన నాకు ఆ వాదన తట్టలేదు.

సోఫానోర్ ఇంటికి వెళ్ళి గడ్డం గీసుకున్నాడు, ఆదివారపు కోటు తొడిగాడు. కంపెనీ కార్యాలయానికి వెళ్ళి గాస్పర్ ఎదుట కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీ వెనక గోడకు గాలిమరల బొమ్మ ఉంది. గాస్పర్ యంత్రంలోంచి అట్టగ్లాసులో కాఫీ తెచ్చి ఇచ్చాడు. అక్కడ మాతే లేదు కనుక సోఫానోర్ ఆ కాఫీనే మెల్లగా చివరిదాకా తాగాడు. వానగురించి మాట్లాడాడు. మాక్రెల్ చేప ఈ ఏడు ఆలస్యమైందన్నాడు. తొలగింపుగురించి గొడవకు వచ్చాడనుకున్న గాస్పర్ తేలికపడి, “ఇంకో కాఫీ?” అన్నాడు. అదీ తాగాడు.

“ఒక వేడుకోలు తెచ్చాను,” అన్నాడు సోఫానోర్.

“చెప్పండి, చెప్పండి.”

“కంపెనీకి మేము నలభై మూడు మనిషిరోజులిచ్చాం. వచ్చే సోమవారం ఎర్రనాచు ఒడ్డుమీద కందకం పూడ్చాలి. మీరూ మీ వాళ్ళూ రండి. పారలు మేమిస్తాం, వేడివేడిగా వండిపెడతాం. సంతకాలు అడగం.”

గాస్పర్ ఇది వేళాకోళమా అని అతని ముఖంలోకి చూశాడు. వేళాకోళం కాదు.

“దోన్ సోఫానోర్, కంపెనీలు అలా పనిచెయ్యవు.”

“మేం చేశాంగా.”

“అది వేరు. మీరు స్వచ్ఛందంగా... అది దస్త్రంలో కూడా... చూడండి, నేను రాలేను. ఎవరూ రారు.”

“రానంటారా?”

“రాను. అర్థం చేసుకోండి.”

సోఫానోర్ లేచి నిలబడ్డాడు. కాఫీకి కృతజ్ఞత చెప్పాడు. అక్కణ్ణుంచి బయలుదేరి, ఏ క్రమంలో కందకానికి పిలిచాడో అదే క్రమంలో, ముప్ఫై ఒక్క ఇళ్ళకూ నడిచాడు. కొండదారిలో మూడుచోట్ల కూర్చోవలసి వచ్చింది. ఏ ఇంట్లోనూ అడుగుపెట్టలేదు, ఎవరు లోపలికి రమ్మన్నా వద్దన్నాడు. గడప బయటే నిలబడి, “మీ రోజు అడిగాను. రానన్నాడు,” అని చెప్పి తరువాతి ఇంటికి వెళ్ళాడు. ఉబెర్లిండా గుమ్మంలో విన్నది, చేతులు తుడుచుకుని తలుపు తెరిచే ఉంచింది.

చివరి ఇల్లు దోన్ అర్సేనియోది. ముసలాయన ఎడ్లకు గడ్డి వేస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

“రానన్నాడా? వేడుకోలు చెప్పాక?”

“చెప్పాకే.”

“కూర్చుని, సరిగ్గా అడిగావా?”

“రెండు కాఫీలు తాగి అడిగాను.”

దోన్ అర్సేనియో గడ్డిమోపు కింద పెట్టాడు. “డెబ్భై తొమ్మిదేళ్ళొచ్చాయి నాకు. వేడుకోలుకి రానన్న మనిషిని చూడనేలేదు. ఎలా ఉన్నాడు?”

సోఫానోర్ దగ్గు ఆగేదాకా కంచెను పట్టుకున్నాడు.

“మామూలుగానే ఉన్నాడు,” అన్నాడు. “చక్కెర ఎంత వెయ్యమంటారని కూడా అడిగాడు.”